రెండు నిమిషాల దీపం

హెలెనాలో జనవరి. కిటికీ అవతల మైనస్ ఇరవై.
నా ఉద్యోగం చిన్నది:
పద్దుల ఉపసంఘం ముందు నిలబడేవాళ్లకి
కాలం కొలవడం.
పచ్చ దీపం, మాట్లాడండి.
పసుపు, ఇంకో ముప్పై సెకన్లు.
ఎరుపు, ఇక చాలు.

ఎంత అడిగినా మనిషికి రెండు నిమిషాలే.
జైలు కప్పుకి కోటీ ఎనభై లక్షల డాలర్లడిగే పెద్దమనిషికీ రెండే,
కలుపు మందుకి నలభై వేలడిగే రైతుకీ రెండే.
రాష్ట్రం మొత్తానికి
సమంగా పంచిపెట్టేది నేనొక్కదాన్నేనేమో.

రెండేళ్లకోసారి తొంభై రోజులు తెరిచే ఇల్లు ఇది.
దుప్పటి ఒకటి, పడుకునేవాళ్లు పది లక్షలు.
తలకి లాగితే కాళ్లు చల్లబడతాయని
ఛైర్మన్ క్నుట్ ఎస్పెలాండ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.
గొర్రెలు పెంచినవాడు,
ఈ చలికి మందలో ఏది దాటదో
కంచె మీద చెయ్యేసి చెప్పగలడు.
చెడ్డవాడు కాడు, అది కూడా రాయాలి కదా.
ప్రతి అర్జీకీ తల ఊపుతాడు.
తల ఊపడానికి పద్దు అక్కర్లేదు.

పొద్దున రోడ్ల శాఖ, రంగు రంగుల పటాలతో.
తర్వాత చేపల శాఖ.
విశ్వవిద్యాలయం నుంచి వచ్చినావిడ
"పెట్టుబడి" అన్న మాట పదకొండుసార్లు అంది,
లెక్కపెట్టాను,
పచ్చ దీపం వెలుగుతుంటే నాకింకేం పని.

భోజనాలయ్యాక, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు
లారైన్ స్పాటెడ్ఎల్క్.
లేమ్ డీర్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చింది,
బూట్ల మీద ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది.
"వాన్ డ్రైవర్ని. వారానికి మూడుసార్లు
తొమ్మిది మందిని డయాలిసిస్‌కి బిల్లింగ్స్ తీసుకెళ్తాను.
పోనూ రానూ రెండు వందల మైళ్లు.
ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు కావాలి."
తర్వాత పేర్లు చదివింది, ఒక్కొక్కటీ.
ఏడో పేరు దగ్గర ఆగి
"ఈయన పోయిన మంగళవారం దాకా" అంది.
మిగతా రెండూ చదివేసి కాగితం మడిచింది.

ఇంకా నలభై సెకన్లుంది.
మాట్లాడలేదు. లేవనూ లేదు.
తన కాలం తనదన్నట్టు కూర్చుంది.
ఎవరో దగ్గారు. ఎస్పెలాండ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
పసుపు వచ్చింది. ఎరుపు వచ్చింది.
అప్పుడు లేచి, కుర్చీ లోపలికి జరిపి వెళ్లింది.
నివేదికలో ఏం రాయాలో తెలియక
"సాక్షి ముగించారు" అని రాశాను.

ఏప్రిల్. ఎనభై ఏడో రోజు, రాత్రి రెండున్నర.
చల్లారిన పిజ్జా, చొక్కా చేతులు మడిచిన సభ్యులు.
అది తీసి ఇది పెట్టు,
ఈ వంతెన వదులుకుంటా, నా దవాఖానా ముట్టుకోకు.
లారైన్ వాన్ మీద మొదట గీత పడింది.
గంట తర్వాత ఎవరో చెరిపారు, ఎవరో చూడలేదు నేను.
తెల్లారేసరికి అది
"ఇతర రవాణా సేవలు" అన్న వరుసలో కలిసిపోయింది,
ఇంకో పదకొండు అర్జీలతో పాటు,
"డైరెక్టర్ విచక్షణ మేరకు."
ఇచ్చామనొచ్చు. ఇవ్వలేదనీ అనొచ్చు.
అటు లెక్కా ఇటు లెక్కా సెంటు తేడా లేకుండా సరిపోయాయి,
చప్పట్లు కొట్టారు.

మేలో ఫోన్ వచ్చింది.
"మా బండి ఏ పద్దులో ఉందమ్మా?"
పేజీ తిప్పి వరుస నంబరు చెప్పాను.
"అందులో మా పేరుందా?"
"లేదు. కానీ... ఉండొచ్చు."

అవతల మాట లేదు.
అలవాటు కొద్దీ నా కన్ను గోడ గడియారం మీదికి పోయింది.
ఎవరి దీపమూ వెలగని గదిలో
ఆ ముల్లు తిరుగుతూనే ఉంది, చెప్పాల్సిన మాట నాదే అయినట్టు.
చివరికి తనే అంది:
"సరే. రేపు నాలుగింటికి బయల్దేరాలి,
ఇవాళ ఆయిల్ మార్పించుకుంటాను."